ఆకులు రాలే కాలంలో అడవి టర్కీ వేట: మొదటిసారి వెళ్లేవాళ్లకి మొదట్నుంచి చివరిదాకా

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ల నుంచి ఇవే ప్రశ్నలు. అన్నా, ఫాల్‌లో టర్కీకి (కోడి జాతి పెద్ద అడవి పక్షి) ఎలా వెళ్లాలి, ఏ గన్, ఎక్కడ కూర్చోవాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్కటీ కనపళ్లేదేంటి అని. మన దేశంలో 1972 చట్టం తర్వాత వేట లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ నేర్పినవాళ్లు లేరు, అందరం ఇక్కడికొచ్చాకే అ ఆ ల దగ్గర మొదలుపెట్టినవాళ్లం. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. నేను వెళ్లేది ఆగ్నేయ ఒహాయోలో వేన్ నేషనల్ ఫారెస్ట్‌కి, రూట్ 33 మీద గంటన్నర లోపే చేరతాం. ఓక్, హికరీ, బీచ్ చెట్ల అడవి, అన్నీ గుట్టలూ లోయలూ. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా గుట్టల్లో ఉన్నవాళ్లకి కూడా పద్ధతి ఇదే, రూల్స్ మాత్రం మీ రాష్ట్రానివి చూస్కోవాలి.

1. ముందు కాగితాలు, ఆ తర్వాతే గన్

ఇది చాలామంది తిరగేసి చేస్తారు. ముందు షాపుకెళ్లి గన్ చూస్తారు, తర్వాత లైసెన్స్ గురించి అడుగుతారు. అలా వద్దు.

హెచ్‌1బి, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి గన్ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరం, తూటాలు కూడా అంతే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. అంటే లైసెన్స్ రాకముందు ఫ్రెండ్ గన్ సరదాగా పట్టుకోవడం కూడా తప్పే, లైసెన్స్ గడువు అయిపోయాక ఇంట్లో గన్ ఉంటే అది కూడా తప్పే. ఇమిగ్రేషన్ ఫైల్ మీద మచ్చ పడే విషయం కాబట్టి ఒకసారి లాయర్‌ని అడిగి మొదలుపెట్టండి, ఆ ఖర్చు దండగ కాదు. గ్రీన్‌కార్డ్ వాళ్లకి ఈ నిషేధం లేదు.

చెక్‌లిస్ట్:
- హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు (ఆన్‌లైన్‌లో చేయొచ్చు, సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోండి, వేరే రాష్ట్రానికి మారినా పనికొస్తుంది)
- హంటింగ్ లైసెన్స్
- దానికి తోడు ఫాల్ టర్కీ పర్మిట్, ఇది వేరేగా కొనాలి
- మీరు వెళ్లే కౌంటీ ఫాల్‌కి తెరిచి ఉందా లేదా (ఒహాయోలో అన్ని కౌంటీలూ తెరవరు)
- ప్రైవేట్ స్థలమైతే యజమాని రాసిచ్చిన అనుమతి, నోటిమాట చాలదు
- ఫోన్‌లో హంట్ ఫిష్ ఒహాయో యాప్, సిగ్నల్ లేని చోట్ల కోసం కాగితం కాపీ

ఒహాయోలో ఫాల్‌కి ఒక్క పక్షే, పుంజైనా పెట్టైనా సరే. గింజలు చల్లి వేటాడటం, ఎలక్ట్రానిక్ శబ్దాలు పెట్టడం కుదరదు. ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా, గన్‌లో ఎన్ని షెల్స్ (తూటాలు) పెట్టొచ్చు అనేవి ఆ ఏడాది రూల్స్ పుస్తకంలో చూడండి, పోయినేడు గుర్తుపెట్టుకున్నది ఈ ఏడు నమ్మొద్దు.

2. స్ప్రింగ్ వేటలా అనుకోవద్దు

వీడియోల్లో మీరు చూసేదంతా దాదాపు స్ప్రింగ్ వేటే. అప్పుడు పుంజు జత కోసం గొంతు చించుకుని అరుస్తుంది, మనం పెట్టలా పిలిస్తే వస్తుంది. ఫాల్‌లో ఆ గొడవే లేదు. ఇప్పుడు వాటికి కావాల్సింది రెండే, తిండి, తన మంద. పెట్టలూ ఆ ఏడాది పిల్లలూ ఒక మందగా, పెద్ద పుంజులు వేరే మందగా తిరుగుతాయి. అందుకని ఇక్కడ మనం చేసేది ఏంటంటే తిండి ఉన్న చోటు కనిపెట్టి, మందను కనిపెట్టి, దాన్ని చెదరగొట్టి, అవి మళ్లీ కలుసుకోవాలనుకునే చోట కదలకుండా కూర్చోవడం. మిగతాదంతా దీనికి సాయమే.

3. సామాను

తక్కువే తీస్కెళ్లండి, ఎందుకంటే కూర్చోవడం కంటే నడిచేదే ఎక్కువ, రోజుకి ఆరేడు మైళ్లు గుట్టలెక్కి దిగడం మామూలే.

- 12 గేజ్ లేదా 20 గేజ్ (గొట్టం లావు కొలత) షాట్‌గన్, ఫుల్ చోక్ (గుండ్లు చెదిరిపోకుండా గొట్టం కొసని ఇరుకు చేసేది)
- 4, 5 లేదా 6 నంబర్ షాట్ (లోపలుండే చిన్న గుండ్లు, వాటినే పెల్లెట్లు అంటాం) ఉన్న షెల్స్
- క్యామో (అడవి రంగుల్లో కలిసిపోయే) బట్టలు, ముఖానికి మాస్క్, చేతులకి గ్లవ్స్
- ఆరెంజ్ టోపీ, ఆరెంజ్ వెస్ట్
- కూర్చోడానికి మందపాటి కుషన్
- టర్కీ కూత తెప్పించడానికి ఒక పాట్ కాల్ (పలక మీద కర్రతో గీసేది), ఒక మౌత్ కాల్ (నోట్లో పెట్టుకుని ఊదేది)
- నీళ్లు, చిన్న కత్తి, పెన్ను, ట్యాగ్ (పడ్డ పక్షికి కట్టే చీటీ), దారం
- పిడుదుల మందు

కుషన్ గురించి నవ్వుకోవద్దు. అక్టోబర్ చివర్లో నేల తడిగా చల్లగా ఉంటుంది, కింద రాయి గుచ్చుకుంటుంటే గంటసేపు కదలకుండా ఎవరివల్లా కాదు. పిడుదులు కూడా చలి మొదలవగానే పోతాయనుకుంటారు, లైమ్ జబ్బు తెచ్చే జింక పిడుదుల్లో పెద్దవి సరిగ్గా ఈ కాలంలోనే తిరుగుతాయి. బట్టలకి ముందురోజే పర్మెత్రిన్ అనే పిడుదుల మందు కొట్టి ఆరబెట్టండి, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూస్కోండి.

ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఎక్కడా వద్దు, లోపలి బనియన్, సాక్స్‌తో సహా. పుంజు తల రంగులు అవే, పొదల మధ్య నుంచి ఇంకో వేటగాడికి మీ తెల్ల సాక్స్ పక్షి తలలా కనిపించొచ్చు.

4. గన్‌ని కాగితం మీద పరీక్షించడం

టర్కీని తల, మెడ మీదే కొడతాం, ఒంటి మీద కాదు. అంత చిన్న చోట ఎన్ని పెల్లెట్లు పడతాయో తెలియకుండా అడవికి పోవడం పక్షికి అన్యాయం, గాయపడి ఎక్కడో పొదలో చస్తుంది.

రేంజ్‌లో పెద్ద కాగితం మీద 10 అంగుళాల వృత్తం గీసి 20, 30, 40 గజాల నుంచి ఒక్కోటి కొట్టండి. ఆ వృత్తంలో 100 పెల్లెట్లు పడుతున్నంత దూరమే మీ దూరం. 30 గజాల్లో 100 దాటి, 40కి 60కి పడిపోతే మీరు 30 గజాల వేటగాళ్లు, అంతే, దాని గురించి వాదన లేదు. షెల్ బ్రాండ్ మార్చినా, చోక్ మార్చినా మళ్లీ మొదట్నుంచి చేయాలి.

5. మంద జాడ పట్టడం

వేటలో సగం పైన పని ఇక్కడే. సీజన్‌కి ముందు రెండు వీకెండ్లు గన్ లేకుండా ఊరికే తిరగండి.

ముందు చెట్టు. వైట్ ఓక్ ఆకు అంచులు గుండ్రంగా ఉంటాయి, రెడ్ ఓక్ ఆకు అంచులు సూదిగా ఉంటాయి. వైట్ ఓక్ కాయలు ఒక్క ఏడాదిలోనే పండి రాలతాయి, వగరు తక్కువ, అందుకే జింకలూ ఉడతలూ టర్కీలూ అన్నీ ముందు వాటి మీదే పడతాయి. రెడ్ ఓక్ కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది, వగరెక్కువ, వైట్ ఓక్ కాయలు అయిపోయాక దాని వంతు. కాబట్టి అక్టోబర్ మొదట్లో వైట్ ఓక్ గట్లు, తర్వాత రెడ్ ఓక్ గట్లు. బీచ్ గింజలు, అడవి ద్రాక్ష, డాగ్‌వుడ్ పళ్లు ఉన్న చోట్లు కూడా గుర్తుపెట్టుకోండి. ఓక్ కాపు బాగా లేని ఏడాది అడవి అంచున ఉన్న పొలాలూ గడ్డి మైదానాలే చూడాలి, మంచు పడేదాకా మిడతల కోసం కూడా అక్కడికి వస్తాయి.

తర్వాత గీకుళ్లు. ఇంటి కోడి పెంటకుప్ప మీద గీకినట్టే టర్కీ కూడా ఎండుటాకుల్ని కాళ్లతో వెనక్కి గీకుతుంది. మంద పోయిన చోట నేలంతా దున్నినట్టుంటుంది. దగ్గరికెళ్లి వంగి చూడండి, ఒక్కో గీకుడూ బాణం మొనలా ఉంటుంది, ఆకుల కుప్ప వెనక, మట్టి తేలిన మొన ముందు. మొన ఎటుంటే మంద అటే పోయింది. ఇరవై గీకుళ్లలో ఎక్కువ ఎటు చూపిస్తున్నాయో చూడండి, ఒక్కదాన్ని పట్టుకుని పోవద్దు.

పాతదా కొత్తదా ఎలా? వేలు పెట్టి చూడండి. తేలిన మట్టి నల్లగా చెమ్మగా ఉండి, తిరగబడిన ఆకు కింది వైపు ఇంకా తడిగా ఉంటే ఆ రోజుదే. మట్టి పొడిబారి, దాని మీద కొత్తగా రాలిన ఆకులు పడి ఉంటే నిన్నో మొన్నో. గాలి ఎక్కువున్న రోజు మాత్రం ఈ లెక్క తప్పుతుంది, ఆకులు గంటలోనే కప్పేస్తాయి, అప్పుడు మట్టి తడినే నమ్మాలి.

ఇంకొన్ని గుర్తులు:
- రెట్ట పొడుగ్గా చివర వంకీ తిరిగి ఉంటే పుంజుది, చుట్టగా ముద్దగా ఉంటే పెట్టది
- రొమ్ము ఈక కొస నల్లగా ఉంటే పుంజు, గోధుమ రంగులో ఉంటే పెట్ట
- పొడి మట్టిలో గుండ్రటి గుంటలు, చుట్టూ ఈకలు, అంటే అక్కడ దుమ్ము స్నానం చేస్తున్నాయి
- పెద్ద చెట్ల కింద గుట్టలుగా రెట్టలుంటే రాత్రి నిద్రకి ఎక్కే చెట్లు అవే

సాయంత్రం పొద్దు వాలేటప్పుడు గట్టు మీద ఊరికే కూర్చుని వినండి. చెట్లెక్కేటప్పుడు ఆ బరువైన రెక్కల చప్పుడు చాలా దూరం వినపడుతుంది. అది ఒక్కసారి విన్నారంటే మరుసటి రోజు పొద్దున్నకి సగం పని అయిపోయినట్టే.

6. మందను చెదరగొట్టడం

మంద కనపడగానే దాక్కుని పిలవాలనిపిస్తుంది. మంద అంతా కలిసి ఉన్నప్పుడు మీ పిలుపుతో వాటికి పనేం లేదు, తల్లీ పిల్లలూ పక్కపక్కనే ఉన్నాయి కదా. వాటిని విడగొడితేనే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.

క్రమం ఇదీ:

మొదట, గుట్ట చాటునో లోయ చాటునో వీలైనంత దగ్గరికి, 40, 50 గజాల దాకా వెళ్లండి. టర్కీకి వాసన పెద్దగా తెలీదు కానీ కళ్లు మాత్రం చాలా చురుకు, తల కాస్త తిప్పితే చుట్టూ కనపడుతుంది.

తర్వాత గన్ ఖాళీ చేయండి. షెల్స్ తీసి, యాక్షన్ (తూటా ఎక్కే భాగం) తెరిచి. లోడ్ చేసిన గన్‌తో పరిగెత్తడం ఏ పరిస్థితిలోనూ వద్దు, తడి ఆకుల మీద వేరు తగిలి పడ్డారంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇద్దరు వెళ్తే ఒకళ్లు గన్లతో ఆగండి, ఒకళ్లు పరిగెత్తండి.

ఇక అరుస్తూ చేతులూపుతూ మంద మధ్యలోకి దూసుకుపోండి. అంచుకి కాదు, మధ్యలోకి. అవి నాలుగు దిక్కులా ఎగరాలి. అన్నీ ఒకే వైపు పోయాయంటే అది చెదరడం కాదు, మంద చోటు మారింది అంతే, ఐదు నిమిషాల్లో అవతల గట్టు మీద మళ్లీ కలిసిపోతాయి. అలాంటప్పుడు కూర్చోవద్దు, అవి వెళ్లిన వైపు నెమ్మదిగా వెళ్లి మళ్లీ చెదరగొట్టండి.

చివరిగా ఏవి ఎటు ఎగిరాయో అక్కడే నిలబడి గుర్తుపెట్టుకోండి. ఎక్కువ ఎటు పోయాయో అటు ముఖం పెట్టి కూర్చోవాలి కాబట్టి.

కొన్ని రాష్ట్రాల్లో ఈ పని కుక్కతో చేయించొచ్చు, ఒహాయోలో ఫాల్‌కి అనుమతి ఉంది.

చెట్లెక్కే వేళకి చెదరగొడితే ఇంకా మంచిది. చీకట్లో కలుసుకోలేవు, రాత్రంతా విడివిడిగా నిద్రపోతాయి. మరుసటి రోజు తెల్లారకముందే అదే చోటికెళ్లి కూర్చుంటే తొలి వెలుగులోనే ఒక్కొక్కటీ పిలవడం మొదలుపెడతాయి. నా లెక్కలో కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి అవకాశం లేదు.

7. కూర్చోవడం, పిలవడం

చెదరగొట్టిన చోటికి పది ఇరవై గజాల లోపే కూర్చోండి. అక్కడ బావుంది ఇక్కడ బావుంది అని వంద గజాలు జరగొద్దు. అవి తిరిగొచ్చేది విడిపోయిన చోటికే.

మీ భుజాల కంటే వెడల్పాటి చెట్టు చూసి వీపు ఆనించండి. మీ ఆకారం చెట్టులో కలిసిపోతుంది, వెనక నుంచి ఎవరైనా పొరపాటున కాల్చినా చెట్టు అడ్డం ఉంటుంది. చెట్టుకి తలకంటే పైన ఒక ఆరెంజ్ గుడ్డ కట్టండి. మోకాలు లేపి గన్ దాని మీద ఆనించి, ఎడమ భుజం పక్షి వచ్చే వైపు (కుడిచేతి వాళ్లకి). ఇప్పుడు లోడ్ చేయండి.

మొదటి 15, 20 నిమిషాలు ఏ శబ్దం వద్దు. తర్వాత మొదలుపెట్టాల్సింది పిల్ల పిలుపుతో, కీ-కీ-కీ అని మూడు సన్నటి ఈలలు, ఒక్కోటి ముందుదానికంటే కాస్త పైకి. దాని వెనక రెండు మూడు యౌప్‌లు (టర్కీ మామూలుగా కూసే బొంగురు కూత) కలిపితే తప్పిపోయిన పిల్ల గొంతు వచ్చేస్తుంది. పాట్ కాల్ మీద ఇది ఎలాగంటే, కర్ర కొసని పలక అంచుకి దగ్గరగా పెట్టి గీస్తే సన్నటి గొంతు వస్తుంది, అదే కర్రని మధ్యకి జరిపి గీస్తే బొంగురు యౌప్ వస్తుంది. కీ-కీ అంచున, యౌప్ మధ్యలో. పలక తడిసిందంటే పని చేయదు, వాన రోజు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి.

అవి ఎలా పిలిస్తే మీరు అలాగే పిలవండి. అవి సన్నగా అంటే మీరూ సన్నగా, అవి ఆగితే మీరూ ఆగండి. పక్షి గొంతు దగ్గరకొస్తుంటే ఇక కాల్ పక్కన పెట్టేయండి, చేతి కదలికే మిమ్మల్ని పట్టిస్తుంది.

తల్లి పెట్ట పెద్దగా, పొడుగ్గా, వరసపెట్టి యౌప్‌లు అంటుంటే పిల్లల్ని కూడగడుతోందని అర్థం. అది మీకు దూరంగా ఉంటే పిల్లలన్నీ దాని దగ్గరికే పోతాయి, మీ దగ్గరికి ఒక్కటీ రాదు. అప్పుడు గన్ ఖాళీ చేసి వెళ్లి దాన్ని అక్కడి నుంచి తరిమేసి మళ్లీ వచ్చి కూర్చోవాలి, లేదా దాని అరుపునే అంతే గట్టిగా మీరు అనుకరించాలి. మొదటిదే నయం.

పెద్ద పుంజుల మందైతే ఓపిక ఇంకా కావాలి. పిల్లలు అరగంట, గంటలో వస్తాయి, పుంజులు మూడు నాలుగు గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి మరుసటి రోజు పొద్దునే. వాటికి కీ-కీ కాదు, బొంగురుగా నిదానంగా రెండు మూడు యౌప్‌లు, మధ్యలో ఒక టక్ (ఒకే ఒక్క పొట్టి కూత), చాలు.

మూడేళ్ల క్రితం నేను సరిగ్గా 25 నిమిషాలు కూర్చుని, మోకాలు తిమ్మిరెక్కిందని లేచా. నా కుడిపక్క బీచ్ చెట్టు వెనక, ఇరవై గజాల్లో, ఒక పిల్ల టర్కీ అరవకుండా నడిచొస్తోంది. ‘పట్ట్’ అని ఒక్క అరుపు, అంతే మాయం. ఆ రోజంతా మళ్లీ ఏదీ పలకలేదు. చాలా పక్షులు అరవకుండానే వస్తాయి, ఎండుటాకుల మీద మనిషి నడిచినట్టే ఉంటుంది చప్పుడు. ఇప్పుడు లేవాలనిపిస్తే గడియారం చూసి ఇంకో అరగంట కూర్చుంటా.

8. కాల్చే ముందు

- పక్షి మొత్తం కనపడాలి. రంగు, కదలిక, చప్పుడు చూసి కాల్చడం ఎప్పటికీ లేదు.
- దాని వెనక ఏముంది, ఎవరున్నారు.
- దాని పక్కన ఇంకో పక్షి ఉందా. ఒకే దెబ్బకి రెండు మూడు పడితే అది నేరం, లిమిట్ ఒక్కటే. విడిగా నిలబడేదాకా ఆగండి.
- మీ కాగితం చెప్పిన దూరంలోనే ఉందా. ముందే 30 గజాల్లో ఒక చెట్టుని గుర్తు పెట్టుకుని కూర్చుంటే ఈ అనుమానం రాదు.
- తల పైకెత్తి నిలబడిందా. తల చెట్టు చాటుకి వెళ్లినప్పుడే గన్ కదపాలి.

గన్ స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద చెంప గట్టిగా ఆనాలి. దగ్గరి పక్షిని వదిలేసుకునేవాళ్లలో చాలామంది పక్షిని బాగా చూద్దామని తల ఎత్తేవాళ్లే, అప్పుడు దెబ్బ పై నుంచి పోతుంది.

ఇంకో వేటగాడు కనిపిస్తే చెయ్యి ఊపొద్దు, టర్కీ కూత అసలు వద్దు. కదలకుండా గట్టిగా ‘స్టాప్’ అని అరవండి. అలాగే మీకెక్కడైనా టర్కీ పిలుపు వినిపిస్తే దాని మీదికి పాక్కుంటూ పోవద్దు, అది మనిషి కావొచ్చు. ఈ సీజన్‌లోనే విల్లుతో జింక వేటగాళ్లు చెట్లమీద కూర్చుని ఉంటారు, కనపడితే వాళ్లని చుట్టి దూరంగా పోండి. నడుస్తున్నంతసేపూ ఆరెంజ్ టోపీ తీయొద్దు.

9. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి మందు

ఒక్కటీ కనపడట్లేదు: పాత గీకుళ్ల దగ్గరే కూర్చుంటున్నారు. లేచి నడవండి, తడి మట్టి దొరికేదాకా.

పిలిస్తే పలుకుతున్నాయి, రావట్లేదు: మధ్యలో లోయో వాగో ముళ్లకంచో ఉండి ఉంటుంది, లేదా తల్లి అవతల కూడగడుతోంది.

వచ్చి వంద గజాల్లో ఆగిపోతున్నాయి: ఎక్కువ పిలుస్తున్నారు. పది నిమిషాలు నోరు మూయండి.

మంద చెదరగానే అందరూ కలిసి మాట్లాడుకుంటున్నారు: మాటలు వద్దు, పది అడుగుల్లో చెట్టు చూసి కూలబడండి, ఎలా పరిగెత్తాం అనే కబుర్లు కార్లో.

10. పడ్డాక

గన్ సేఫ్టీ పెట్టి వెంటనే వెళ్లి తల మీద కాలు పెట్టండి, కొట్టుకునే కాళ్లకి దూరంగా, పుంజు కాలి ముల్లు చెయ్యి చీరేస్తుంది. పడ్డ చోటు నుంచి కదపకముందే ట్యాగ్ మీద పేరు, తేదీ, టైమ్, కౌంటీ రాసి కట్టాలి. గేమ్ చెక్ (కొట్టిన పక్షిని నమోదు చేయడం) అదే రోజు రాత్రి 11:30 లోపు యాప్‌లో పూర్తి చేయాలి, ఇంటికెళ్లి స్నానం చేసి నిద్రపోయి మర్చిపోయినవాళ్లు ఉన్నారు. మోసుకొచ్చేటప్పుడు పక్షి మీద ఆరెంజ్ వెస్ట్ చుట్టండి.

ఎండగా ఉన్న రోజైతే అక్కడే పేగులు తీసి లోపల చల్లబడనివ్వండి. ఈకలు పీకాలంటే మన ఊళ్లో కోడికి చేసినట్టే వేడినీళ్లలో ముంచి తీయాలి, మరగే నీళ్లు కాదు, చర్మం చిరిగిపోతుంది. కూరకే అయితే చర్మంతో సహా ఒలిచేయడం తేలిక.

రొమ్ము, కాళ్లు వేరువేరుగా వండండి. రొమ్ములో కొవ్వు ఉండదు, ఎక్కువసేపు ఉంచితే పీచులా అయిపోతుంది. అడ్డంగా పలచగా కోసి, పెరుగు, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, పెద్ద మంట మీద వేపుడు చేసి లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రాగానే దించేయండి. కాళ్లు మాత్రం నాటుకోడి కంటే గట్టి, కుక్కర్‌లో నాటుకోడికి ఇచ్చే విజిల్స్ కంటే మూడు నాలుగు ఎక్కువ ఇచ్చి, ధనియాలు గసగసాలు కొబ్బరి నూరిన ముద్దతో పులుసు పెడితే గారెల్లోకి సరిపోతుంది.

కింది కాలి ముక్కలో అగ్గిపుల్లల్లాంటి గట్టి నరాలు డజను దాకా ఉంటాయి, ఉడికినా మెత్తబడవు. ఉడికాక ముక్కని చల్లార్చి అవన్నీ లాగేయండి, అప్పుడే వేలితో తడుముతూ మెడ, రొమ్ము ముక్కల్లో పెల్లెట్లు ఏమైనా మిగిలాయేమో చూడండి. ఈక మాంసంలోకి దూరిన చోట నల్లటి గీతలా కనిపిస్తుంది, దాని కొసనే పెల్లెట్ ఉంటుంది. పిల్లలకి వడ్డించే ముక్కలు ఇంకోసారి చూసి పెట్టండి.